యూకేకి వచ్చిన కొత్తలోనే షుగర్ అని తేలితే

ఇండియాలో షుగర్ 160, 180 అని చెప్పుకోవడం మనకు అలవాటు. ఇక్కడి మీటర్ 9 అనో 10 అనో చూపిస్తుంది. అంకె చిన్నగా ఉందని తేలిగ్గా తీసుకోకండి. దాన్ని 18తో గుణించండి, మనకు తెలిసిన లెక్క వస్తుంది. 7 అంటే 126, 10 అంటే 180. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ దగ్గర మాత్రం అంకె పెద్దదవుతుంది. మన 6.5 శాతం ఇక్కడ 48, మన 7 శాతం ఇక్కడ 53. నా మొదటి రిపోర్టులో 58 అని చూసి రాత్రంతా నిద్రపోలేదు. అది 7.5 శాతమేనని మర్నాడు నర్సు చెప్పేదాకా ఒకటే టెన్షన్.

వచ్చిన వారంలోనే ఇంటికి దగ్గర్లోని జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్, దగ్గర పేరు నమోదు చేసుకోండి. ఒంట్లో బాగోనప్పుడు చూద్దాంలే అనుకోవద్దు. ఇండియాలోనే మందులు మొదలుపెట్టి ఉంటే ఆ చీటీ తీసుకెళ్ళండి. అందులో బ్రాండ్ పేర్లే ఉంటే పక్కన అసలు మందు పేరు, మోతాదు రాయించుకోండి. మనవాళ్ళు ఎక్కువగా వాడే గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్రను ఇక్కడ మార్చి రాసే అవకాశం ఉంది. ఇంగ్లండ్‌లో ప్రతి మందుకీ ఛార్జీ ఉంటుంది కానీ, షుగర్‌కి మందులు వాడేవారికి మినహాయింపు ఉంది. ఎఫ్‌పీ92ఏ అనే ఫారం జీపీ దగ్గర అడిగి తీసుకోండి. తిండి మార్పుతోనే నెట్టుకొస్తున్నవారికి ఈ మినహాయింపు రాదు. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో మందులు అందరికీ ఉచితమే.

ఇక అన్నం. మానేయాలా అని అందరూ అడుగుతారు. మానక్కర్లేదు, కానీ తూచాలి. సూపర్‌మార్కెట్‌లో వంటింటి తూకం మిషన్ దొరుకుతుంది, అది కొనండి. వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. నేను ఒక పూటకు తినేంత అన్నమే ఒకరోజు తూచి చూశాను. పప్పులోకి, పులుసులోకి, పెరుగులోకి అన్నీ కలిపి 450 గ్రాములు తేలింది. అంటే 126 గ్రాముల పిండిపదార్థాలు. రోజు మొత్తానికి 130 గ్రాముల లోపు తింటే దాన్ని ఇక్కడ తక్కువ పిండిపదార్థాల ఆహారం అంటారు. ఆ కోటా అంతా నా ఒక్క పూట భోజనంలోనే అయిపోతోంది! నేనేమీ ఎక్కువ తినేదాన్ని కాదు. మన ఇళ్ళల్లో అందరూ తినేంతే తినేదాన్ని.

ఇప్పుడు 150 గ్రాములు పెట్టుకుంటున్నాను, అంటే 42 గ్రాముల పిండిపదార్థాలు. అన్నం ఒకేసారి వడ్డించుకుని గట్టి పప్పు, కూరతో తినేస్తాను. పులుసు గిన్నెలో పోసుకుని ఉడికిన గుడ్డుతో తింటాను, బెల్లం వేయను. పెరుగు విడిగా కప్పులో. పెరుగన్నం లేకపోతే భోజనం అయినట్టు ఉండదని మొదటి రెండు వారాలు బాధపడ్డాను, తర్వాత అలవాటైపోయింది. కూర మాత్రం అన్నానికి రెట్టింపు ఉండాలి. బెండకాయ, సొరకాయ కోసం ఇండియన్ షాపు దాకా వెళ్ళలేని రోజుల్లో క్యాబేజీ, కాలీఫ్లవర్, పాలకూర, ఫ్రోజెన్ బీన్స్ ఏ సూపర్‌మార్కెట్‌లో అయినా ఉంటాయి. ఇక్కడ దొరికే కూర్జెట్ (జుకీనీ) పప్పులో వేస్తే సొరకాయ లేని లోటు తీరుతుంది. బంగాళదుంప వేపుడు మాత్రం అన్నం పక్కన వద్దు, అదీ పిండే.

రాగులు, జొన్నలు ఎంతైనా తినొచ్చన్న మాట నమ్మకండి. పీచు ఎక్కువ, మంచివే. కానీ 100 గ్రాముల రాగిపిండిలో కూడా పిండిపదార్థాలు 70 గ్రాములకు దగ్గరగానే ఉంటాయి. పైగా మెత్తటి పిండిని జావ కాచి తాగితే చాలా త్వరగా అరుగుతుంది. జొన్నరొట్టె ఒకటి, నిండా కూరతో తినడం దానికంటే నయం. టిఫిన్లలో ఉప్మా పెట్టని పెసరట్టు నా లెక్కలో అన్నిటికంటే మంచిది.

ప్యాకెట్ల మీద అందరం ‘షుగర్స్’ అన్న వరుసే చూస్తాం. దాని పైన ఉండే ‘కార్బోహైడ్రేట్’ వరుస, అంటే మొత్తం పిండిపదార్థాలు, చూడాలి. చక్కెర లేని బ్రెడ్‌ ముక్కలో కూడా 15 గ్రాములకు పైనే ఉంటాయి. ఓట్స్ 40 గ్రాములు తీసుకుంటే సుమారు 24 గ్రాములు. అంకెలు 100 గ్రాములకా, ఒక సర్వింగ్‌కా అన్నది కూడా చూసుకోండి. ఆఫీసులో మీల్ డీల్ అంటూ సాండ్‌విచ్, చిప్స్, కూల్‌డ్రింక్ కలిపి చవగ్గా ఇస్తారు. పిండికి పిండి, దానిమీద చక్కెర. ఇంటి నుంచి డబ్బా కట్టుకెళ్ళండి.

ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్తున్నాను. గ్లిక్లజైడ్, గ్లిమెపిరైడ్ లేదా ఇన్సులిన్ వాడుతున్నవారు నర్సుకో డాక్టర్‌కో చెప్పకుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకండి. షుగర్ పడిపోతుంది. మీటర్ 4 కంటే తక్కువ చూపిస్తే, లేదా చెమటలు పట్టి వణుకు వస్తే, వెంటనే 150 నుంచి 200 మిల్లీలీటర్ల పళ్ళరసం తాగాలి. పేరు చివర ‘గ్లిఫ్లోజిన్’ అని ఉండే మందులు వాడేవారు అన్నం, రొట్టె దాదాపు మానేస్తే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. ఉపవాసాల రోజుల్లో కూడా ఈ ప్రమాదం ఉంది, అడగకుండా చేయవద్దు.

నవంబరు వచ్చిందంటే నాలుగున్నరకే చీకటి పడుతుంది, సాయంత్రం నడక ఆగిపోతుంది. మధ్యాహ్నం భోజనం అవగానే పదిహేను నిమిషాలు నడవండి, కోటు వేసుకుని.

కంటి స్క్రీనింగ్‌కి ఉత్తరం వస్తుంది. కళ్ళజోడు షాపులో చేసే పరీక్ష వేరు, ఇది వేరు. పాదాల పరీక్ష కూడా ఏడాదికోసారి చేస్తారు. షుగర్ గురించి నేర్పే డెస్మండ్ లాంటి ఉచిత తరగతులు ఉన్నాయి, మీ ప్రాంతంలో ఏవి ఉన్నాయో నర్సును అడగండి. అమ్మానాన్నలు మీతోనే ఉంటూ ఇంగ్లీషు రాక ఇబ్బంది పడుతుంటే, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు మాట్లాడే దుబాసీ కావాలని చెప్పండి. డబ్బు తీసుకోరు.

షుగర్ పడిపోయే మందులు లేనివారికి టెస్ట్ స్ట్రిప్పులు మామూలుగా ఉచితంగా ఇవ్వరు. కనీసం ఒక డబ్బా సొంతంగా కొనుక్కోండి. తినేముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూడండి. సాధారణంగా ముందు 4 నుంచి 7, తర్వాత 8.5 లోపు ఉండాలంటారు. మీకు వేరే అంకె చెప్పి ఉంటే అదే పాటించండి. ఏం తిన్నారో, అన్నం ఎన్ని గ్రాములో పక్కనే రాసుకోండి. ఇక్కడి డైటీషియన్లలో చాలామంది ఉలవచారు, గోంగూర పప్పు పేర్లు కూడా విని ఉండరు. వారం రోజులు రాసిన ఆ కాగితం వాళ్ళ ముందు పెడితే మాట్లాడేది మీ భోజనం గురించే అవుతుంది.