సైబర్ నేర పరిశోధన నేర్చుకోవడం: పెన్‌డ్రైవ్ నుంచి కోర్టు దాకా

డిజిటల్ ఫోరెన్సిక్స్ (కంప్యూటర్లు, డ్రైవ్‌ల నుంచి నేరానికి ఆధారాలు వెలికితీసే విద్య) చదవాలనుకునేవారిలో చాలామంది ముందుగా హ్యాకింగ్ కోర్సుల కోసం వెతుకుతారు. నా దృష్టిలో ఆ వరుస సరైనది కాదు. దొరికిన ఆధారం చెక్కుచెదరలేదని కోర్టులో చూపగలగడమే ఈ విద్యకు ప్రాణం కాబట్టి, సాధన అక్కడి నుంచే మొదలు కావాలి.

పాత 4 జీబీ పెన్‌డ్రైవ్‌లో నాలుగు ఫొటోలు, ఒక వర్డ్ ఫైలు పెట్టి, ఒక ఫొటోను చెరిపేయండి. తరువాత ఎఫ్‌టీకే ఇమేజర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో డ్రైవ్ మొత్తానికి ఇమేజ్ తీయండి. ఇది మామూలు కాపీ కాదు. ఖాళీగా కనిపించే చోటుతో సహా ప్రతి బిట్‌నూ దించుకున్న నకలు. పని ముగిశాక కనిపించే హ్యాష్ విలువలను, అంటే సమాచారం మారలేదని పోల్చి చూసుకోవడానికి దాని నుంచే లెక్కగట్టిన వేలిముద్రల్లాంటి గుర్తులను (ఎండీ5 పద్ధతిలో అయితే 32 అక్షరాలు, ఎస్‌హెచ్‌ఏ1 పద్ధతిలో అయితే 40) తేదీ, సమయం, డ్రైవ్ సీరియల్ నంబరుతో పాటు నోటుపుస్తకంలో రాసుకోండి. ఆ ఇమేజ్‌ను ఆటోప్సీ అనే విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, చెరిపేసిన ఫొటో సాధారణంగా మళ్లీ కనిపిస్తుంది. డిలీట్ చేసినప్పుడు జరిగేది ఆ స్థలం ఖాళీ అన్న గుర్తు పడటం వరకే. దాని మీద మరొకటి రాసేదాకా అసలు సమాచారం అక్కడే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలలో (చిప్‌లతో పనిచేసే కొత్త తరహా డిస్కులు) మాత్రం, చెరిపేసిన స్థలాన్ని డిస్కే ఖాళీ చేసేలా చూసే ట్రిమ్ అనే ఆదేశం వల్ల ఈ ఆశ తరచూ అడియాసే అవుతుంది.

ఇప్పుడు వర్డ్ ఫైలులో ఒక్క అక్షరం మార్చి మళ్లీ ఇమేజ్ తీయండి. హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. డ్రైవ్‌ను విండోస్‌కు తగిలించడమే కొన్నిసార్లు ఇంత మార్పు తేగలదు గనుకనే నిపుణులు రైట్ బ్లాకర్ (డ్రైవ్ మీద ఏమీ రాయకుండా అడ్డుకునే సాధనం) లేకుండా అసలు పరికరం జోలికి వెళ్లరు.

కొత్తవారు ఎక్కువగా తడబడేది సమయం దగ్గర. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతి) డిస్క్ సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో దాస్తుంది. మనది దానికంటే ఐదున్నర గంటలు ముందు. జులై 10 తెల్లవారుజామున 2 గంటలకు తయారైన ఫైలు అక్కడ జులై 9 రాత్రి 8:30 అని నమోదై ఉంటుంది. ఫ్యాట్32 అనే మరో పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్ స్థానిక సమయాన్నే రాస్తుంది. రెండింటినీ కలగలిపితే నిందితుడు ఆ రాత్రి ఎక్కడున్నాడన్న లెక్కే తారుమారవుతుంది.

చట్టాన్ని కూడా పక్కన పెట్టకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారంతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో హ్యాష్ విలువకు చోటుంది, ఒక భాగాన్ని నిపుణుడు నింపాలి. ఐటీ చట్టం 78వ సెక్షన్ కింద దర్యాప్తు అధికారం ఇన్‌స్పెక్టర్, ఆపై హోదా వారిదే. కనుక పోలీసు శాఖలో చేరనివారు ప్రయోగశాలల వైపో, బ్యాంకుల్లోని భద్రతా విభాగాల వైపో చూడాలి. డిగ్రీ కావాలంటే గాంధీనగర్‌లోని జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ విశ్వవిద్యాలయం ఉంది; మన దగ్గర హైదరాబాద్ రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల పనిచేస్తోంది.

సాధన మీ సొంత పరికరాల మీదే చేయండి. అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి వెళితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. ప్రతి సాధన తరువాత రెండు పేజీల నివేదిక రాసి, కంప్యూటర్ తెలియని ఇంటివారి చేత చదివించి, వారు అడిగిన చోటల్లా తిరగరాయండి.