సభ్యులు ఎందుకు జారిపోతున్నారు? మహమ్మారి కాలంలో సంఘం నడిపేవాళ్లకు సమస్య – పరిష్కారం

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. మా సాంస్కృతిక సమితి కవి సమ్మేళనానికి మాట్లాడుకున్న హాలును అప్పటికి వారం ముందే వదులుకున్నాం. ఆ తర్వాత రెండేళ్లు ఆ సమితినీ, మా హైస్కూల్ పూర్వ విద్యార్థుల సంఘాన్నీ ఫోన్ల మీదే నడిపాం. ఎక్కడ తెగింది, ఎందుకు తెగింది, ఏం చేస్తే అతుక్కుంది అన్నది రాస్తున్నాను.

మొదటి సమావేశానికి ఎనభై మంది, నాలుగోదానికి పద్నాలుగు మంది

తెర చూసి చూసి విసిగిపోయారని అందరం అనుకున్నాం. అది సగమే నిజం. రానివాళ్ల పేర్లు కాగితం మీద రాసుకుంటే అసలు సంగతి బయటపడింది. వాళ్లలో చాలామంది హాల్లో కూడా ఏనాడూ కుదురుగా కూర్చున్నవాళ్లు కాదు. కుర్చీలు వేయించేవాళ్లు, పులిహోర కలిపేవాళ్లు, గుమ్మం దగ్గర పేర్లు రాసుకునేవాళ్లు, మైకు మొరాయిస్తే పరిగెత్తేవాళ్లు. పని ఉంది కాబట్టి వచ్చేవాళ్లు. జూమ్‌లో మాట్లాడే ఇద్దరికీ, మీటింగు తెరిచే ఒకరికీ తప్ప ఇంకెవరికీ పని లేదు. అప్పటిదాకా సంఘాన్ని మోసినవాళ్లను మేం ప్రేక్షకుల్ని చేసి కూర్చోబెట్టాం.

కాబట్టి ముందు పని పుట్టించండి. ఒకరు గంట ముందు పదిమందికి ఫోన్ చేసి గుర్తుచేయాలి. ఒకరు లోపలికి వచ్చినవాళ్లను పేరుపెట్టి పలకరించాలి. ఒకరు చాట్‌లోని ప్రశ్నలు ఏరి వక్తను అడగాలి. మా బడి పాత గ్రూపు ఫోటోల్లో ఎవరెవరున్నారో పేర్లు రాసే పని ఒకాయనకు అప్పగించాం. మూడో వరుసలో చివరన నిలబడ్డ కుర్రాడెవరో తేల్చడానికే ఆయన ముప్ఫై మందికి ఫోన్ చేశారు. ఏళ్లుగా జాడ తెలియని స్నేహితులు ఆ ఫోన్లతోనే దొరికారు. ఏ ఉపన్యాసమూ అంతమందిని కలపలేదు.

అప్పట్లో జూమ్ ఉచిత ఖాతాలో ముగ్గురు, అంతకు మించి ఉంటే 40 నిమిషాలకు మీటింగు ఆగిపోయేది. డబ్బు కట్టి ఆ హద్దు తీయించుకుందామని కొందరన్నారు. వద్దన్నాను. ఆ 40 నిమిషాలే మా అధ్యక్షోపన్యాసాలను కుదించాయి.

వాట్సాప్ గ్రూపును మ్యూట్ చేస్తున్నారు, వదిలి వెళ్లిపోతున్నారు

గుడ్ మార్నింగులు, కషాయాల ఫార్వర్డులు, రాజకీయాలు కారణమే. వాటిని మించింది ఇంకొకటుంది. ఒకరి మరణవార్త, దాని కిందే ఇంకొకరి పుట్టినరోజు కేకు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకు అది చూడటం నరకం. ప్రకటనలకు అడ్మిన్లు మాత్రమే రాసే గ్రూపు ఒకటి, కబుర్లకు ఇంకొకటి పెట్టండి. మొదటిదాంట్లో వారానికి రెండు మూడు సందేశాలు మించనివ్వకండి.

మరణవార్తకు మాత్రం గట్టి నియమం కావాలి. మాకు పాఠం చెప్పిన ఒక మాస్టారు పోయారని ఒకసారి గ్రూపులో వచ్చింది. ఆయన అప్పటికి ఆసుపత్రిలో కోలుకుంటున్నారు. గ్రూపులోనే ఉన్న వాళ్లమ్మాయి దాన్ని చదివింది. ఆ రోజు నుంచి కుటుంబంలో ఒకరితో ఫోన్లో మాట్లాడాకే, అదీ మాలో ఒక్కరే, వార్త పెట్టాలని నిర్ణయించుకున్నాం. అంత్యక్రియలకు పదిమందిని కూడా చేర్చుకోలేని రోజులవి. అందుకే పదకొండో రోజు సాయంత్రం తెర మీదే సంస్మరణ సభ పెట్టేవాళ్లం. కుటుంబసభ్యులు వింటుంటే పోయినవారి గురించి తలా రెండు నిమిషాలు, ఒక్క జ్ఞాపకం. ఆ రెండేళ్లలో మా సంఘం చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే.

పడకల కోసం, ఆక్సిజన్ కోసం అడుగుతున్నారు, ఎవరూ పలకడం లేదు

2021 ఏప్రిల్, మే నెలల మాట. పలకకపోవడం కాదు, పదిమంది పది నంబర్లు పంపేవాళ్లు. అన్నీ నిన్నటివి, మొన్నటివి. ప్రతిదానికీ చేసి చూసేసరికి రోగి మనుషులకు రెండు గంటలు పోయేవి. ఐదుగురితో ఒక జట్టు వేశాం. ప్రతి నంబరుకూ వాళ్లే ఫోన్ చేసి, నిజమైతేనే ‘సరిచూశాం, సాయంత్రం 4:20’ అని సమయంతో సహా పెట్టేవాళ్లు. ఆరు గంటలు దాటితే ఆ సందేశం తీసేసేవాళ్లు. అడిగినవారికి ఐదుగురిలో ఒక్కరే తోడు, చివరిదాకా ఆ ఒక్కరే. ఊళ్లో ఉన్నవాళ్లు అప్పటికే ఇళ్లలో రోగులతో సతమతమవుతున్నారు. అమెరికాలో ఉన్నవాళ్లకు మన రాత్రి పగలు కాబట్టి రాత్రి ఫోన్లు వాళ్లు చూసుకున్నారు.

పెద్దవాళ్లు రావడం లేదు

ఫోన్ రాకపోవడం కంటే మొహమాటం ఎక్కువ. ప్రతిసారీ మనవణ్ని పిలిచి లింకు తెరిపించమనడం వాళ్లకు చిన్నతనంగా ఉంటుంది. లింకు ఎప్పుడూ ఒక్కటే ఉంచండి, రోజునూ వేళనూ మార్చకండి. ఒక్కో మాస్టారి బాధ్యత ఒక్కో శిష్యుడికి ఇవ్వండి. పది నిమిషాల ముందు ఫోన్ చేసి “మాస్టారూ, తెరిచారా?” అని అడగాలి. తెరుచుకోకపోతే రెండో ఫోన్‌లో ఆయనకు మామూలు కాల్ చేసి, మీటింగు పక్కన స్పీకర్లో పెట్టాలి. మాట వినబడితే చాలు, వాళ్లకు మొహాలతో పనిలేదు.

బృందగానం గందరగోళమవుతోంది

ఇది ఎవరి తప్పూ కాదు. ఒకరి గొంతు ఇంకొకరికి చేరడానికి సెకనులో కొంత వంతు పడుతుంది. మాటల్లో ఆ తేడా తెలియదు, తాళంలో తెలుస్తుంది. పైగా వీణను, తంబురను జూమ్ చప్పుడనుకుని అణిచేస్తుంది. ‘ఒరిజినల్ సౌండ్’ అమరిక పెట్టుకుంటే అది కొంత తగ్గుతుంది. కలిసి పాడటం మానేసి చరణానికి ఒకరు చొప్పున పాడండి. పద్యానికి ఈ బాధ లేదు. అష్టావధానమైతే తెరకు కుదిరినట్టే ఉంటుంది. మధ్యలో అడ్డుతగిలే అప్రస్తుత ప్రసంగి తప్ప, ప్రశ్నలు వేసే పృచ్ఛకులంతా వంతులవారీగా అడిగేవాళ్లే కదా!

విదేశాల్లో ఉన్నవాళ్లకు వేళ కుదరడం లేదు

మన ఆదివారం ఉదయం 8 గంటలు పట్టుకోండి. ఎండాకాలంలో అది కాలిఫోర్నియాలో శనివారం రాత్రి 7:30, న్యూయార్క్‌లో 10:30, సిడ్నీలో ఆదివారం మధ్యాహ్నం 12:30. లండన్‌లో మాత్రం తెల్లవారుజాము 3:30. అందుకని మూడు నెలలకోసారి మన రాత్రి 8 గంటలకు మార్చండి. అప్పుడు లండన్‌లో మధ్యాహ్నం 3:30 అవుతుంది.

డబ్బు పంపుతామంటున్నారు, తీసుకోవడానికి భయంగా ఉంది

భయం సబబే. విదేశీ పౌరసత్వం తీసుకున్న సభ్యుడు ఇచ్చేది, మన ఊళ్లో పుట్టినవాడైనా సరే, చట్టం లెక్కలో విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం దాన్ని తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది ఆ కోవలోకి రాదు. 2020 సెప్టెంబరు సవరణ తర్వాత, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ తీసుకుని మీకు మళ్లించడమూ కుదరదు. ఎవరు ఏ దేశ పౌరులో ముందే రాసుకోండి, ఆడిటర్‌ను అడగండి. వచ్చిన ప్రతి రూపాయి లెక్కా నెలాఖరుకు గ్రూపులో పెట్టండి. ఉద్యోగాలు పోయిన ఏడాది వార్షిక చందా అడగకండి, మాఫీ చేసినట్టు అందరికీ ఒక్కసారే చెప్పండి. ఎవరు కట్టలేదో ఎవరికీ తెలియనక్కర్లేదు.

హాలు తెరిచాం, అయినా రావడం లేదు

జంటగా వచ్చేవాళ్లలో ఒకరు మిగిలారు. ఒంటరిగా వచ్చి అందరి ఓదార్పూ వినాలంటే వాళ్లకు కాళ్లాడవు. మా సమితిలో ఉగాది పచ్చడి ఎప్పుడూ ఒక అక్కయ్యగారి చేతిదే. ఆమె భర్త 2021 మేలో పోయారు. 2022లో ఉగాది ఏప్రిల్ 2న. వారం ముందు ఫోన్ చేసి, రమ్మని అనకుండా, “పచ్చడి మీదే కదా అక్కయ్యగారూ?” అని అడిగాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఎంతమందికి?” అన్నారు.