ఫిల్లర్, బొటాక్స్ తర్వాత ముఖంలో తేడా కనిపిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

ముడతలు తగ్గడానికి వేసే బొటాక్స్, ముఖం నిండుగా కనిపించడానికి వేసే ఫిల్లర్ ఇంజెక్షన్ల వల్ల కలిగే ఇబ్బందుల్లో చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి. కొన్నింటికి మాత్రం గంటల్లోనే చికిత్స అందాలి. వేసినది ఏ మందో తెలియకపోతే సరైన చికిత్స కుదరదు. హైలురోనిక్ యాసిడ్ ఫిల్లర్‌ను హైలురోనిడేజ్ అనే ఎంజైము కరిగిస్తుంది. కాల్షియం హైడ్రాక్సీఅపటైట్, పాలీలాక్టిక్ యాసిడ్ అనే వేరే రకం ఫిల్లర్లు దానికి కరగవు. అందుకే సిరంజి పెట్టెలోని బ్యాచ్ స్టిక్కర్‌ను ఇంటికి వెళ్లేముందే అడిగి తీసుకోవాలి.

చర్మం తెల్లబడటం, వల అల్లినట్టు ఊదారంగు గీతలు

ఫిల్లర్ రక్తనాళంలోకి పోయినా, బయటినుంచి దాన్ని నొక్కినా ఆ మేరకు చర్మానికి రక్తం అందదు. కనుబొమల మధ్యభాగం, ముక్కు, ముక్కు పక్క మడత ఇందుకు అతి ప్రమాదకరమైన చోట్లు. నొప్పి లేదు కాబట్టి భయం లేదనుకోవడం పొరపాటు. చాలా ఫిల్లర్లలో లిడోకేన్ అనే తిమ్మిరి మందు కలిపి ఉంటుంది కనుక మొదటి గంటల్లో నొప్పి తెలియకపోవచ్చు. అనుమానం ఉన్నచోట వేలితో గట్టిగా నొక్కి వదలాలి: పోయిన రంగు రెండు సెకన్లలోపు తిరిగి రావాలి. మన చామనఛాయ చర్మం మీద ఈ మార్పును పట్టుకోవడం కష్టం కాబట్టి, మంచి వెలుతురులో రెండో వైపు అదే చోట కూడా నొక్కి పోల్చి చూడాలి. పెదవి దగ్గర వేసి ఉంటే పెదవిని మడిచి లోపలి పొరను గమనించాలి. మూడో రోజుకు అక్కడ చీముపొక్కులు లేస్తే వాటిని మొటిమలని సరిపెట్టుకోకూడదు.

ఇంజెక్షన్ వేసిన వైద్యుడిని వెంటనే కలవాలి. రంగు మారినంత మేరా హైలురోనిడేజ్‌ను ఎక్కువ మోతాదులో వేసి, ప్రసరణ తిరిగి మొదలయ్యేవరకు సుమారు గంటకొకసారి మళ్లీ వేస్తారు. ఐసు పెట్టకూడదు, అది నాళాలను ఇంకా ముడుచుకునేలా చేస్తుంది. గోరువెచ్చని కాపడం పెట్టవచ్చు. చూపు మసకబారినా, కంటిలో తీవ్రమైన నొప్పి వచ్చినా క్లినిక్‌తో ఫోన్లో మాట్లాడుతూ కూర్చోకుండా నేరుగా కంటి అత్యవసర విభాగానికి వెళ్లాలి. రక్తం అందని రెటీనా గంటన్నర దాటితే కోలుకోవడం దుర్లభం.

వాపు, కమిలిన మచ్చలు

సూది సన్నని నాళాలను తాకడమే కారణం. వాపు రెండు మూడు రోజుల్లో, కమిలిన మచ్చ వారం పది రోజుల్లో తగ్గుతాయి. రంగు మార్పులో పై లక్షణాలేవీ లేవని తేలాకే గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి. పెళ్లికని విదేశాలనుంచి వచ్చి, ముహూర్తానికి వారం ముందు సూది వేయించుకోవడం తెలివైన పని కాదు. నాలుగు వారాల వ్యవధి ఉండాలి.

కంటి కింద తగ్గని నీలిచాయ

కమిలిన మచ్చ ఆకుపచ్చగా, పసుపుగా మారుతూ పోతుంది. నెల దాటినా అదే నీలం నిలిచి ఉంటే, ఫిల్లర్ చర్మం పైపొరలకు మరీ దగ్గరగా పడి, వెలుతురును చెదరగొడుతోందని అర్థం. దీన్ని టిండాల్ ప్రభావం అంటారు. క్రీములు దీనికి పనికిరావు. కొద్దిపాటి హైలురోనిడేజ్‌తో పోతుంది.

కనురెప్ప వాలడం

బొటాక్స్ కనుబొమల మధ్యనుంచి పాకి, పై రెప్పను ఎత్తే కండరాన్ని చేరితే రెప్ప వాలుతుంది. మొదటి రెండు వారాల్లో కనిపించి, కొన్ని వారాల్లో తగ్గుతుంది. ఈలోగా వైద్యుడి సలహాతో 0.5 శాతం అప్రాక్లోనిడిన్ చుక్కలు వాడితే మరో చిన్న కండరం బిగిసి, రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు లేస్తుంది. అద్దంలో అంత తేడా బాగానే తెలుస్తుంది. కనుబొమ చివర మాత్రమే పైకి లాగినట్టుంటే అది వేరే సంగతి: నుదుటి పక్కభాగపు కండరం ఇంకా పనిచేస్తోందన్నమాట. రెండు వారాలు ఆగి, అక్కడ ఒకటి రెండు యూనిట్ల బొటాక్స్ వేస్తే సరిపోతుంది.

వారాలు, నెలల తర్వాత గడ్డలు

పాలీలాక్టిక్ యాసిడ్ ఒకచోట పోగుపడితే గడ్డలు కడతాయి. అందుకే రోజుకు ఐదుసార్లు, ఐదేసి నిమిషాలు, ఐదు రోజులు మర్దన చేయమంటారు. ఎర్రగా, వేడిగా, నొప్పిగా ఉన్న గడ్డ అలాంటిది కాదు. దాని వెనుక బ్యాక్టీరియా ఉండవచ్చు కనుక మర్దన చేయకూడదు, స్టెరాయిడ్‌తో అణచడానికి తొందరపడకూడదు. ముందు యాంటీబయాటిక్ మొదలుపెట్టి, తర్వాత అవసరాన్నిబట్టి ఫిల్లర్‌ను కరిగిస్తారు. పంటి చికిత్స సమయంలో రక్తంలోకి చేరే క్రిములు కూడా ఫిల్లర్ దగ్గర నిలదొక్కుకోవచ్చు కాబట్టి, ఇంజెక్షన్‌కు ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు పళ్ల పని పెట్టుకోకపోవడం మంచిది.