సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్: దరఖాస్తు విధానం, ఏటా నిలబెట్టుకునే తీరు

ఇంటర్ మంచి మార్కులతో పాసై డిగ్రీలోనో బీటెక్‌లోనో చేరిన పేద, దిగువ మధ్యతరగతి పిల్లలకు కేంద్ర విద్యాశాఖ ఇచ్చే స్కాలర్‌షిప్ ఇది. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి రూ.12,000, పీజీలో రూ.20,000 ఇస్తారు. బీటెక్ వారికి నాలుగో ఏడాది రూ.20,000 వస్తుంది. దేశం మొత్తానికి ఏటా 82,000 కొత్త స్కాలర్‌షిప్‌లు ఉంటాయి, అందులో సగం అమ్మాయిలకు. మొదటి ఏడాది ఎంపిక ఇంటర్ మార్కుల మీద జరుగుతుంది. తర్వాత ప్రతి ఏడూ 75 శాతం హాజరు, 50 శాతం మార్కులు చూపిస్తేనే రెన్యువల్. అందుకే ఫారం నింపడంతో పాటు హాజరు లెక్క కూడా మొదటి సెమిస్టర్ నుంచే చూసుకోవాలి.

ఎవరు పెట్టుకోవాలి

కుటుంబ వార్షికాదాయం రూ.4.5 లక్షలు దాటకూడదు. ఇంటర్‌లో మీ బోర్డు, మీ గ్రూపు విద్యార్థుల్లో 80 పర్సంటైల్ పైన ఉండాలి. దీన్ని 80 శాతం మార్కులనుకుని చాలామంది పొరపడతారు. మీ గ్రూపులో ప్రతి వందమందిలో 80 మంది మీ వెనక ఉండాలన్నది నిబంధన. మార్కులు దండిగా పడే గ్రూపులో 90 శాతం వచ్చినా చాలకపోవచ్చు. కటాఫ్ చూసుకున్నాకే ముందుకెళ్లండి. కోర్సు రెగ్యులర్‌దై ఉండాలి. దూరవిద్య, డిప్లొమా కుదరవు.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది మరొకటుంది. రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటుతో సహా వేరే స్కాలర్‌షిప్ ఏది తీసుకుంటున్నా దీనికి అర్హత లేదు. కన్వీనర్ కోటాలో ఇంజినీరింగ్ చదువుతూ ఏడాదికి వేలల్లో ఫీజు మాఫీ అవుతున్నవారు రూ.12,000 కోసం దాన్ని వదులుకోవడం తెలివైన పని కాదు. రెండూ పెట్టి చూద్దాం, ఏది వస్తే అది అనుకుంటే తనిఖీలో రెండూ ఇరుక్కుంటాయి. తెలంగాణలో బీసీ, ఈబీసీలకు రీయింబర్స్‌మెంట్ ఆదాయ పరిమితి పల్లెల్లో రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు. ఆ గీత దాటి, రూ.4.5 లక్షల లోపు ఉన్న ఇళ్ల పిల్లలకు ఈ స్కాలర్‌షిప్ అచ్చంగా సరిపోతుంది.

ఫారం నింపడం

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ (ఎన్‌ఎస్‌పీ)లో ముందు వన్ టైమ్ రిజిస్ట్రేషన్ (ఓటీఆర్) చేయాలి. ఆధార్‌కు లింకైన మొబైల్ నంబర్‌కు ఓటీపీ వస్తుంది. ఆ తర్వాత ఫోన్‌లో ఎన్‌ఎస్‌పీ ఓటీఆర్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ రెండూ వేసుకుని ముఖ ధ్రువీకరణ పూర్తి చేస్తే 14 అంకెల ఓటీఆర్ నంబర్ వస్తుంది. వెలుతురు మొహం మీద పడేలా నిలబడండి, వెనక కిటికీ ఉంటే పదేపదే ఫెయిలవుతుంది. చదువు అయ్యేదాకా ఇదే నంబర్. నెట్ సెంటర్ వాళ్ల మొబైల్ నంబర్ ఇస్తే వచ్చే ఏడాది లాగిన్ కోసం వాళ్ల చుట్టూ తిరగాలి.

ఫారంలో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో ఉన్నట్టే వస్తాయి. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకోండి. చెన్నైలోనో ఢిల్లీలోనో చదువుతున్నా సొంత రాష్ట్రం అన్నచోట మీ రాష్ట్రమే ఎంచుకోవాలి. ఆదాయ ధ్రువపత్రం మీసేవలో ముందే తీసి పెట్టుకోండి. దరఖాస్తు ఫైనల్ సబ్మిట్ చేశాక ప్రింటు, ఇంటర్ మెమో, ఆదాయ పత్రం, ఫీజు రసీదు కాలేజీలో స్కాలర్‌షిప్‌ల పని చూసే నోడల్ అధికారికి అందించాలి.

కాలేజీ తన లాగిన్‌లో ధ్రువీకరించకపోతే మీ దరఖాస్తు ఉన్నా లేనట్టే. వారానికోసారి స్టేటస్ చూడండి. ‘డిఫెక్టివ్’ అని వస్తే దిద్ది మళ్లీ పంపే వీలుంది, కానీ గడువులోపే. ‘రిజెక్ట్’ అయితే ఆ ఏడాదికి అంతే.

డబ్బు ఆధార్ ఆధారంగా పడుతుంది. బ్యాంకులో కేవైసీకి ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడేందుకు (డీబీటీ) ఆ ఖాతాను ఆధార్‌కు ముడిపెట్టించడం, అంటే సీడింగ్, వేరు. చివరిసారి ఏ ఖాతాకు సీడ్ చేయించారో అందులోనే జమవుతుంది. స్కూల్లో ఉన్నప్పుడు తెరిచి వదిలేసిన ఖాతా అయితే వాడుకలో లేక డబ్బు వెనక్కి పోతుంది.

హాజరు, మార్కులు

సాయం అందితే చదువు మారుతుందా అన్నదానికి అమెరికాలోని విస్కాన్సిన్‌లో 2008లో మొదలైన పథకం గట్టి ఆధారం. అక్కడ తక్కువ ఆదాయ విద్యార్థులకు ఏడాదికి 3,500 డాలర్ల గ్రాంటు లాటరీ తీసి ఇచ్చారు. అందినవారు వారానికి సగటున 1.7 గంటలు తక్కువ ఉద్యోగం చేశారు. అందనివారిలో 16 శాతం మంది నాలుగేళ్లలో డిగ్రీ పూర్తిచేస్తే, అందినవారిలో 21 శాతం మంది పూర్తిచేశారు.

మన రూ.12,000 అంటే నెలకు వెయ్యి. అదీ ఒకేసారి, దరఖాస్తు పెట్టిన చాలా నెలలకు వస్తుంది. దాన్ని నమ్ముకుని పార్ట్‌టైమ్ పని పూర్తిగా మానేయలేరు, తరగతులు మింగే పనిని మాత్రం తగ్గించుకోవచ్చు. లెక్క చూడండి: 16 వారాలు, వారానికి 6 రోజులు, మొత్తం 96. వారానికి ఒక రోజు మానితే 83 శాతం, రెండు రోజులు మానితే 67 శాతం. పెళ్లిళ్ల సీజన్‌లో కేటరింగ్‌కు వెళ్లేవారు ఈ రెండో రోజు దగ్గరే దెబ్బతింటారు. హాజరు పీరియడ్ల లెక్కన వేసేచోట మధ్యాహ్నం ల్యాబ్ ఎగ్గొడితే ఒక్కసారే మూడు పీరియడ్లు పోతాయి.

జేఎన్‌టీయూలో 65కు పైగా, 75కు లోపు ఉన్నవారికి వైద్య కారణం చూపి ఫీజు కడితే కండోనేషన్, అంటే హాజరు తగ్గినా మినహాయింపు, దొరుకుతుంది. అది పరీక్ష రాయడానికి పనికొస్తుంది, స్కాలర్‌షిప్ అడిగే 75 శాతం మాత్రం దానితో పూడదు. మార్కుల విషయంలో గ్రేడును శాతంగా మార్చే సూత్రం యూనివర్సిటీని బట్టి మారుతుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో సీజీపీఏ నుంచి 0.5 తీసి 10తో గుణిస్తారు. అంటే 5.5 ఉంటే సరిగ్గా 50 శాతం. 5.4 ఉన్నవారు అన్ని సబ్జెక్టులూ పాసై కూడా రెన్యువల్ పోగొట్టుకుంటారు.

రెన్యువల్ దానంతటదే జరగదు. ఏటా పోర్టల్ తెరవగానే పాత ఓటీఆర్‌తో లాగినై, కిందటేడాది మెమోతో దరఖాస్తు పెట్టి, మళ్లీ కాలేజీలో ధ్రువీకరణ చేయించాలి. ఫలితాలు ఆలస్యమైతే గడువు దాకా ఆగకుండా నోడల్ అధికారికి ముందే చెప్పి పెట్టండి. మంజూరయ్యాక కూడా డబ్బు కనిపించకపోతే ప్రభుత్వ చెల్లింపుల వివరాలుండే పీఎఫ్‌ఎంఎస్ సైట్‌లో చెల్లింపు స్టేటస్ చూడండి. అక్కడ పడినట్టు చూపిస్తే మీ పాత ఖాతాలన్నీ ఒకసారి వెతకండి.