టోరీ స్తంభం మీద తేదీ ఇలా చదవండి

క్యోటోలో ఫుషిమి ఇనారి ఆలయానికి వెళ్తే వేల ఎర్ర టోరీ ద్వారాల కింద నడుస్తాం, ఫోటోలు తీసుకుంటాం. ఏ ద్వారం ఎప్పటిదో మాత్రం తెలియదు.

కొండ ఎక్కుతూ ఒకసారి ఆగి వెనక్కి తిరిగి చూడండి. మన గుళ్లో మెట్ల మీద దాతల పేర్లు చెక్కినట్టే, స్తంభాల వెనక వైపు పైనుంచి కిందికి నల్లటి అక్షరాలు ఉంటాయి. ఒక స్తంభం మీద సమర్పించినవారి పేరు, రెండోదాని మీద తేదీ. ఫోన్‌లో అనువాద యాప్ తెరిచి, కెమెరాలో ఆ ఒక్క స్తంభమే పడేలా ఎదురుగా నిలబడండి. అందులో వచ్చేది జపాన్ చక్రవర్తుల కాలం లెక్క: కాలం పేరు, పక్కన అందులో ఎన్నో ఏడాదో ఆ అంకె. ఆ అంకెకు, కాలం పేరు రేవా అని వస్తే 2018, హేసేయ్ అయితే 1988, షోవా అయితే 1925 కలపాలి. రేవా 3 అంటే 2021. ‘మొదటి ఏడాది’ అని వస్తే 1 అనుకోండి. జపనీస్ భాషను ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే కొండ మీద నెట్ టెన్షన్ ఉండదు.

ఒక్క జాగ్రత్త. చెక్క పుచ్చిపోతుంది కాబట్టి ద్వారాలను మారుస్తూ ఉంటారు. ఆ తేదీతో ఆలయం వయసు లెక్కగట్టొద్దు. ఆలయం 711లో మొదలైంది, ఇప్పుడున్న ప్రధాన మందిరం 1499 నాటిది.