ప్లాన్ చూసి ఇంటి త్రీడీ మోడల్ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

• చేతిలో ఉన్నది చివరి రివిజనేనా? వాస్తు కోసం వంటగది అటూ ఇటూ మారని ఇల్లు అరుదు. డ్రాయింగ్ మీద తేదీ చూడండి.

• యూనిట్లు ముందే సెట్ చేయండి. ప్లాన్ అడుగుల్లో, స్ట్రక్చరల్ డ్రాయింగ్ (పిల్లర్లు, బీములు చూపేది) మిల్లీమీటర్లలో ఉండొచ్చు. అడుగంటే 304.8 మి.మీ.; 300 అని లెక్కేస్తే 40 అడుగుల గోడ దగ్గర ఏడున్నర అంగుళాలు తేడా వస్తుంది.

• స్కాన్ కాపీ మీద స్కేలు పెట్టి కొలవకండి, రాసిన అంకెనే నమ్మండి. ఇంపోర్ట్ చేశాక నిలువుగా, అడ్డంగా చెరో గోడ సరిచూడండి. స్కాన్ ఒకవైపే సాగి ఉండొచ్చు.

• గది కొలత గోడ లోపలిదా, మధ్య గీతదా? ప్లాస్టరింగ్ కలిపారా? అడగండి.

• అసలు టెన్షన్ మెట్లతోనే. ఫ్లోర్ నుంచి ఫ్లోర్‌కు 10 అడుగులు, మెట్టు ఎత్తు 6 అంగుళాలు అయితే ఎక్కాల్సినవి 20. కానీ మధ్యలో ల్యాండింగ్ (మెట్ల మధ్య చదును) ఉన్న ప్లాన్‌లో 18 మెట్లే కనిపిస్తాయి. మిగతా రెండూ ల్యాండింగ్, పై ఫ్లోరే. సెక్షన్ డ్రాయింగ్ (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపేది) లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

• బాత్రూమ్ స్లాబ్ కిందికి దింపారేమో చూడండి.

• కిటికీల సైజు పట్టికలో ఒకటి, ఎలివేషన్‌లో (ఇంటిని బయటి నుంచి చూపే డ్రాయింగ్) ఇంకొకటి ఉంటే ఆర్కిటెక్ట్‌కు ఫోన్ చేయండి. ఊహించి పెట్టేయకండి.