ఆల్దో రాశాక బట్ ఎందుకు దూరుతుంది?

లక్షణం: ఒకే వాక్యంలో ఆల్దో, బట్ రెండూ

‘ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, బట్ ఐ వెంట్ అవుట్.’ ఇంగ్లిష్‌లో ఇలా రాసే తెలుగువాళ్లకు ఇందులో తప్పు కనిపించదు. చెవికి కూడా బాగానే ఉంటుంది.

కారణం తెలుగు వాక్యంలోనే ఉంది. ‘వాన పడుతున్నా బయటికి వెళ్లాను’ అన్నప్పుడు రెండు ముక్కల్నీ కలిపే ‘నా’ సరిగ్గా మధ్యలో, క్రియ చివర ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఆ పని చేసే ఆల్దో వాక్యం మొదటికి వెళ్లిపోతుంది. దాంతో మధ్యలో ఏదో ఖాళీ ఉన్నట్టు అనిపిస్తుంది, చెయ్యి దానంతటదే బట్ రాసేస్తుంది.

పరిష్కారం: రెండిట్లో ఏదో ఒకటి కొట్టేయండి. ‘ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, ఐ వెంట్ అవుట్’ సరైనదే, ‘ఇట్ వాజ్ రెయినింగ్, బట్ ఐ వెంట్ అవుట్’ కూడా సరైనదే. ఆల్దో ఉంచి కాస్త నొక్కి చెప్పాలంటే క్రియ ముందు స్టిల్ పెట్టవచ్చు: ‘ఐ స్టిల్ వెంట్ అవుట్’.

లక్షణం: ఈవెన్ ఒక్కటే వచ్చి కూర్చోవడం

‘ఈవెన్ ఐ స్టడీడ్ వెల్, ఐ ఫెయిల్డ్.’ నా లెక్కలో మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే, చాలా ఏళ్లు నేనూ చేశాను. ‘బాగా చదివినా కూడా’లోని ‘కూడా’ను ఈవెన్‌గా మార్చేస్తాం. కానీ ఈవెన్ ఒంటరిగా రెండు వాక్యాల్ని కలపలేదు. పక్కన దో గానీ ఇఫ్ గానీ ఉండాలి.

ఏది పెట్టాలన్నదే అసలు చిక్కు. ‘వాన పడినా వెళ్లాను’, ‘వాన పడినా వెళ్తాను’ అనే రెండు వాక్యాలకూ మనకు ఒకే ‘పడినా’ సరిపోతుంది. పడిందా, పడబోతుందా అన్నది చివరి క్రియ చెబుతుంది. ఇంగ్లిష్ ఆ సంగతి ముందే తేల్చమంటుంది. నిజంగా జరిగిన దానికి ఈవెన్ దో: ‘ఈవెన్ దో ఇట్ రెయిన్డ్, ఐ వెంట్.’ జరుగుతుందో లేదో తెలియని దానికి ఈవెన్ ఇఫ్: ‘ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్, ఐ విల్ గో.’ అనుమానం వస్తే ఆ ‘పడినా’ను ‘ఒకవేళ పడినా’గా మార్చి చూడండి. అర్థం చెడకపోతే ఈవెన్ ఇఫ్, చెడితే ఈవెన్ దో.

లక్షణం: డిస్పైట్ తర్వాత పూర్తి వాక్యం

‘డిస్పైట్ హీ వాజ్ సిక్, హీ కేమ్.’ ఆల్దో, డిస్పైట్ రెండిటికీ అర్థం ఒకటేనని ఒకదాని బదులు ఇంకొకటి వాడటం వల్ల వచ్చే తంటా ఇది. డిస్పైట్ తర్వాత నామవాచకమో ఐఎన్‌జీ రూపమో రావాలి: ‘డిస్పైట్ హిజ్ ఫీవర్’, ‘డిస్పైట్ బీయింగ్ సిక్’. ‘డిస్పైట్ ఆఫ్’ అన్నది అసలు లేదు. ఆ ఆఫ్ ‘ఇన్ స్పైట్ ఆఫ్’ నుంచి జారి వచ్చింది.

లక్షణం: హౌఎవర్ ముందు ఉత్త కామా

‘ఐ కాల్డ్ హిమ్, హౌఎవర్ హీ డిడ్ నాట్ ఆన్సర్.’ హౌఎవర్ అంటే బట్‌కు ఇంకాస్త పెద్దమనిషి రూపం అనుకుంటాం. కాదు. బట్ సముచ్చయం, అంటే రెండు వాక్యాల్ని కలిపే మాట. హౌఎవర్ క్రియావిశేషణం, అది వాక్యాల్ని కలపలేదు. అందుకే దాన్ని ‘హీ, హౌఎవర్, డిడ్ నాట్ ఆన్సర్’ అని మధ్యలోకి కూడా జరపవచ్చు. బట్‌ను అలా జరిపి చూడండి, కుదరదు. హౌఎవర్‌కు ముందు ఫుల్‌స్టాప్ లేదా సెమికోలన్, తర్వాత కామా పెట్టండి. లేదా మామూలు మెయిల్ అయితే బట్ రాసేయండి, నష్టమేం లేదు.

లక్షణం: ‘ఆన్ ది కాంట్రరీ’ అతకకపోవడం

‘మరోవైపు’ అనే అర్థంలో వాడితే తప్పు, దానికి ‘ఆన్ ది అదర్ హ్యాండ్’ ఉంది. ముందు అన్నమాటను కాదని, అసలు సంగతి దానికి పూర్తిగా ఎదురని చెప్పడానికే ‘ఆన్ ది కాంట్రరీ’: ‘ఇట్ వాజ్ నాట్ ఈజీ. ఆన్ ది కాంట్రరీ, ఇట్ వాజ్ వెరీ హార్డ్.’

లక్షణం: వాక్యం చివర దో కనిపిస్తే కంగారు

ఇది తప్పు కాదు. ‘ద రూమ్ ఈజ్ స్మాల్. ఇట్స్ క్లీన్, దో.’ మాటల్లో, చాటింగుల్లో ఇలాగే వాడతారు. తెలుగులో ‘గది చిన్నది. శుభ్రంగానే ఉందనుకో’ అంటాం కదా, ఆ ‘అనుకో’ చేసే పనే దాదాపుగా ఇదీ చేస్తుంది. ఆల్దోను మాత్రం అలా చివర పెట్టకూడదు.